చల్లారినా తింటా

పోయిన వారం కమలమ్మను ఆళ్లగడ్డలో, వీరభద్రాచారి రాతిపనుల షెడ్డులో, నల్లరాతి బొమ్మ ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ ముసలిప్రాణం వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇవాళే కొత్తగా ఈ కథలో అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి, ఆమె దగ్గరికి పోదాం.

ఒకప్పుడు బస్టాండుల్లో వేరుశెనక్కాయల పొట్లాలతో పోటీపడి అమ్ముడుపోయిన డిటెక్టివ్ పాకెట్ నవలలకు రచయిత ‘చంద్రహాస్’. ఆ నవలల్లో డిటెక్టివ్ హెన్రీ శాన్ ఫ్రాన్సిస్కోలో కాపురం ఉంటాడు, పొడుగు కోటు తొడుక్కుంటాడు, పొగమంచులో హంతకుల వెంట పరుగెత్తుతాడు. రాసినవాడు అమెరికాలో పుట్టి పెరిగాడని నమ్మి, ఆ నమ్మకం మీద పందేలు కాసినవాళ్ళు కూడా ఉన్నారు. అసలు సంగతేమిటంటే ఆ నవలలన్నీ నంద్యాలలో, ఎరువుల అంగడి వెనకింట్లో కూర్చుని, కర్నూలు దాటి ఎరగని కమలమ్మ రాసింది. శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచు అంటే మరేం కాదు, తెల్లారుజామున కుందూ మీద లేచే మంచు. స్మగ్లర్ల సొరంగాలంటే చిన్నప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకుని భయంభయంగా దిగిన బెలుం బిలం. ఈ రహస్యం మనకు తెలుసు, మనవరాలు అమృతకు తెలుసు. మూడోవాళ్ళకు తెలియదు.

పుస్తకాల వెనక అట్ట మీది ఫోటో మాత్రం ఆమె తమ్ముడు శేషయ్యది. పెళ్ళయిన ఏడాదికే కుందూ వరదలో కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. పబ్లిషరు రచయిత ఫోటో కావాలని అడిగితే కమలమ్మ తమ్ముడి ఫోటో పంపింది. ఇప్పుడు హరీష్ అనే అభిమాని, అతని సంఘమూ కలిసి, చంద్రహాస్‌కు నంద్యాలలో బొమ్మ పెట్టాలని బయల్దేరి ఆ ఫోటో పట్టుకుని కమలమ్మ గుమ్మం ఎక్కారు. ఫోటోలోని మనిషి ఎప్పుడో వరదలో పోయాడని తెలిశాక, చనిపోయినవాడి పేరు మీద అన్నేళ్ళపాటు కొత్త నవలలు ఎలా వచ్చాయని అడగవలసింది పోయి, ‘ఆయన రాసిపెట్టి పోయిన కట్టల్ని మీరు ఒక్కొక్కటే అచ్చుకు పంపారు కదమ్మా’ అని హరీషే ఒక కథ అల్లుకున్నాడు. కమలమ్మ కాదనలేదు. కాదనకపోవడం ఆమెను నెలల తరబడి తినేసింది. కడకు అమృత పోరు పడలేక, బొమ్మకు కళ్ళు తెరిపించే రోజున నిజం చెప్పేస్తానని ఒప్పుకుంది.

వీరభద్రాచారి ఇంటి పద్ధతి ఒకటుంది. దేవుళ్ళకే కాదు, మనుషుల బొమ్మలకు కూడా ఆయన కళ్ళు ఆఖర్న చెక్కుతాడు. అంతవరకూ రెప్పల మధ్య ఉత్త రాయే ఉంటుంది. బొమ్మలోని మనిషి ఇంటివాళ్ళొకరు ఎదురుగా నిలబడి ఆ పేరు పైకి పలకాలి. పలికాక ఉలి పెడతాడు. ఒకసారి కళ్ళు తెరిస్తే ఇక ఆ ముఖాన్ని ముట్టుకోడు, పీఠం మీద ఒక్క అక్షరం మార్చడు. అందుకే కమలమ్మకు ఉన్న గడువు ఈ మధ్యాహ్నమే. నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. నుదుట ఇంత బొట్టు పెట్టుకున్న ముసలామె దిగి, షెడ్డంతా దద్దరిల్లేలా అడిగింది.

“బతికున్నోనికి రాతిబొమ్మ చెక్కుతాండారంట. ఎవురప్పా ఆ పుణ్యాత్ములు?”

కమలమ్మ వెంటనే గుర్తుపట్టింది. జుట్టు తెల్లబడింది, మనిషి సగమైంది, కానీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఆ తీరు మారలేదు. ఆమె శేషయ్య భార్య నరసమ్మ. ఆ వరద ఏడాది పుట్టింటివాళ్ళు బండెక్కించుకుపోయాక మళ్ళీ కంటపడింది ఇవాళే.

హరీష్ ఎదురుపోయాడు. “మీరెవరమ్మా?”

“ఈ మొగం పెండ్లాన్ని.”

హరీష్ చేతులు రెండూ వాటంతటవే జోడించుకున్నాయి. చంద్రహాస్ భార్య! ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు, మాకెవరూ చెప్పనే లేదే అంటూ వంగి కాళ్ళకు దండం పెట్టేశాడు. నరసమ్మ కంగారుగా రెండడుగులు వెనక్కి వేసింది. అతను ఫోన్ పైకెత్తి వీడియో తీయబోతుంటే కమలమ్మ అడ్డం వచ్చింది.

“హరీషూ, ఆయమ్మతో నేను మాట్లాడల్ల. రవ్వంతసేపు మీరంతా అట్ల బయటికి పోండి నాయనా. ఆచారీ, నువ్వు గూడా టీ తాగి రా.”

అమృత కదల్లేదు. నానమ్మ చెవి దగ్గర గొణిగింది. “అవ్వా, మాట తప్పవు గదా?”

“తప్పను. నువ్వు పో.”

అందరూ వెళ్ళారు. రాతిపొడి మధ్యలో ఇద్దరు ముసలమ్మలూ, కళ్ళు లేని ఒక కుర్రవాడూ మిగిలారు. కుర్రవాడే మరి. ఫోటోలో ఉన్నట్టే చెక్కాడు ఆచారి. వెడల్పు కాలరు చొక్కా, చెవుల మీదికి దిగిన జుట్టు, అప్పుడప్పుడే దట్టమవుతున్న మీసం.

“కూచో నర్సీ,” అంది కమలమ్మ.

“కూసునేకి రాలే. ఆయప్ప యాడ?”

“ఎవురు?”

“ఎవురంటావేందీ? మా మొగుడు! ఇన్నేండ్లు నీ ఇంట్లో పెట్టుకున్యావు. నేనేమన్నా అడిగితినా? నీ గడప తొక్కితినా? ఇప్పుడేమో పేపర్లో ‘కీర్తిశేషులు’ అని ఏసిరి. అంటే ఏందిరా అని మా తమ్ముని కొడుకునడిగితే, సచ్చిపోయినోళ్ళను అట్లంటారని చెప్పె. నిజమేనా వదినా? మంచాన పడింటే నాకొక మాట చెప్పి పంపేకి గూడా మీకు చేతులు రాలేదా?” ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది. “లేదు, ఉండాడు. పేపరోళ్ళు ఏదో ఒకటి రాస్తారు. ఉండాడని చెప్పు వదినా. నేనేం పోట్లాడను. ఒకసారి చూసి పోతా.”

కమలమ్మకు మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న రాతిదిమ్మె మీద కూలబడింది.

“వాడు కుందూలో పోయినాడు కదే. ఆ పొద్దే పోయినాడు. దినకర్మలు గూడా చేసినాం.”

“చేసినార్లే! దర్భలతో మనిషిని చేసి కాలిస్తిరి. గడ్డిని కాలిస్తే మనిషి సచ్చిపోతాడా? మా నాయన ఆ పొద్దే చెప్పె, శవాన్ని చూడంది నా బిడ్డ గాజులు పగలనియ్యనని. నన్ను నొస్సం తీస్కపాయె. ఊర్లో అందరూ నవ్విరి. మా నాయన గూడా లోపల్లోపల ఆశ ఇడిసినాడనుకో. అప్పుడు మా తమ్ముడు కోయిలకుంట్ల బస్టాండులో ఒక పుస్తకం కొనుక్కొచ్చె. ఎనకమాల ఆయప్ప ఫోటో! మా పెండ్లినాడు తీయించుకున్న ఫోటో! ఆ పొద్దు మా ఇంట్లో పండగ చేసిరి వదినా. మా నాయన ఏటపోతును కోయించె. అల్లుడు బతికుండాడని ఈదంతా పిలిచి అన్నాలు పెట్టె.”

కమలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

“ఇంగ ఆపొద్దు నుంచి కొత్త పుస్తకం రావడం, మా తమ్ముడు తేవడం. ఒకటా, రెండా? సచ్చినోడు కొత్త పుస్తకాలు రాస్తాడా వదినా?” నరసమ్మ అడిగింది. “నేనేమీ తెలివిలేని దాన్ని గాదు. ఆయప్పకు సంతకం పెట్టేకే బద్ధకం, ఇన్ని పుస్తకాలెట్ల రాసినాడని గూడా అనుకొంటి. దూరం పోయినాక మనిషి మారింటాడులే అనుకొంటి. మా నాయన బెజవాడ పోయి, అచ్చేసే ఆయప్పను అడిగొచ్చె. నంద్యాల నుంచి టపాలో వస్తాయి, ఎరువుల అంగడి అడ్రసు అని చెప్పినాడంట. అంటే మీ ఇల్లే గదా?”

“మరి రాకపోతివేమే!” కమలమ్మ గొంతు చీరుకుపోయింది. “ఒక్కసారి వచ్చి అడిగింటే…”

“మా నాయన పోనియ్యలే. రానోని కాడికి మనం పోయేదేంది, వాడే వస్తాడు, తలెత్తుకోని ఉండు అనె. ఒకసారి మాత్రం ఎవురికీ చెప్పకుండా వచ్చింటి. మీ ఇంటికి ఎదురుగా సోడా అంగడి కాడ నిలబడితి. మీ మిద్దె మీద మొగోళ్ళ చొక్కా ఆరేసింటివి. నీలిగీతల చొక్కా. దాన్నే చూస్తా నిలబడితి. ఉతికి ఆరేసేవాళ్ళుండారు, బాగుండాడు, నాకదే సాలనుకొని బస్సెక్కేస్తి.”

ఆ నీలిగీతల చొక్కా కమలమ్మ భర్తది. చెప్పి ఏం లాభం? ఆ చొక్కాను చూసుకుని ఆడమనిషి ఒకతె ఇన్నేళ్ళు బతికింది.

“ఫోటో ఎవురైనా ఏస్తారని మా మరదలు ఎగతాళి చేసేది,” నరసమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. “ఫోటో చూసి కాదు వదినా నేను నమ్మింది. ఆ మాట చూసి నమ్మితి.”

ఏ మాటో కమలమ్మకు అడగకుండానే తెలిసిపోయింది. తెలిసి, చెవులు మూసుకుందామనుకుంది.

చంద్రహాస్ నవలలు చదివిన ఎవరికైనా తెలిసిన మాటే అది. ప్రతి నవల్లోనూ హెన్రీ తుపాకీ జేబులో పెట్టుకుని ఇల్లు వదిలేముందు, వాకిట్లో నిలబడిన భార్య ఎలిజబెత్‌తో అంటాడు: ‘నాకో ముద్ద తీసిపెట్టు. చల్లారినా తింటా.’ శాన్ ఫ్రాన్సిస్కోలో సంగటి ఎవరు కెలికారయ్యా అని పాఠకులు పగలబడి నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటూనే ఆ మాట ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పేవాళ్ళు. ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని పబ్లిషరు ఎన్నిసార్లు రాశాడో! హంతకుణ్ణి మార్చమంటే మార్చింది, పేరు మార్చమంటే మార్చింది, చచ్చినవాణ్ణి బతికించమంటే బతికించింది గానీ ఆ ముద్దను మాత్రం కమలమ్మ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు బొమ్మ పీఠం మీద చెక్కించేది కూడా అదే మాట.

“అది ఆయప్ప నాతో చెప్పే మాట,” అంది నరసమ్మ. “చేనుకు నీళ్ళు కట్టేకి పోయినా, తిరనాళ్ళకు పోయినా, వాకిట్లో నిలబడి అదే చెప్పేది. మా ఇద్దరికి తప్ప ఇంగ ఎవురికి ఎరుక? పుస్తకంలో అది చూసినప్పుడల్లా నాకు కబురంపినాడు అనుకొంటి. నేరుగా రాలేక అచ్చేయించి పంపుతాండాడు అనుకొంటి. అందుకే దినామూ ఒక ముద్ద తీసిపెట్టినా వదినా. ఏ దినమూ తప్పలే. పొద్దున నేనే మజ్జిగ పోసుకొని తినేదాన్ని. పారేసేకి మనసొచ్చేది గాదు.”

కమలమ్మ ఏడ్చింది. తమ్ముడు పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. అప్పుడు ఏరు చేసిన పనికి ఏడ్చింది. ఇప్పుడు తన చెయ్యి చేసిన పనికి ఏడుస్తోంది.

ఇంటిదగ్గర అమృతను ఎదురుగా కూర్చోబెట్టుకుని వారం రోజులు సాధన చేసింది పిచ్చితల్లి. ‘ఆ పుస్తకాలు నేనే రాసినా’ అని తలెత్తి ఎలా చెప్పాలో, చెప్పాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అమృత నేర్పింది. ఆ వాక్యం ఇలా చావుకబురై బయటికొస్తుందని ఎవరనుకున్నారు? తన నవలల్లో ఎన్నో చావుకబుర్లు చెప్పించింది. హెన్రీ టోపీ తీసి, తల వంచి, నాలుగు మంచి మాటలు చెప్పి పక్కకు తప్పుకునేవాడు. ఇప్పుడు వాటిలో ఒక్క మాటా పనికిరాలేదు.

“నర్సీ, ఆ పుస్తకాలు నేను రాసినా.”

నరసమ్మ నవ్వింది. “నువ్వా? పోలీసోళ్ళూ తుపాకులూ నువ్వు రాస్తివా?”

“నేనే. వాడు పోయినాక నాకు నిద్ర పట్టేది గాదు. కండ్లు మూస్తే కుందూనే. శవమన్నా దొరికింటే కడుపారా ఏడ్చి ఊరుకుంటుంటి. అది గూడా దొరక్కపాయె. అందుకని అట్లాంటి కథలు రాసేకి మొదలుపెట్టినా. నా కథల్లో మొదట్లోనే శవం దొరుకుతాది. ఎట్ల సచ్చినాడో, ఎవురు సంపినారో ఆఖరికి అంతా తెలుస్తాది. ఫోటో అడిగితే వానిది పంపితి. వాని మొగమన్నా ఈ భూమ్మీద మిగలనీ అనుకొంటి. అంతే నర్సీ. నీ మీదొట్టు, అంతకు మించి నాకేం తోయలేదు.”

“అబద్ధం,” నరసమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆ మాట నీకెట్ల తెలుసు? మా ఇంట్లో మాట నీ కాడికెట్ల వచ్చె?”

పక్క షెడ్డులో రాతిని కోసే మిషను గీపెడుతోంది. అది ఆగాక కమలమ్మ చెప్పింది.

“ఆ పొద్దు వాడు ఎరువు మూటల కోసం నంద్యాల వచ్చినాడు. పని అయ్యేసరికి వాన పట్టుకునె. కుందూ పొంగిందిరా, రేపు పోదువు అని నేను వాకిలికి అడ్డం నిలబడితి. వాడు చెప్పులేసుకుంటా నవ్వె. ‘లేదక్కా, నర్సి ముద్ద తీసిపెట్టింటాది. చల్లారినా తింటానని చెప్పొచ్చినా. పోకపోతే అలుగుతాది’ అనె. నా చెయ్యి పక్కకు తోసి పాయె. వాడు ఆడిన ఆఖరి మాట అదే. అందుకే నేను ఆ మాటను ఇడవలేకపోయినా.”

నరసమ్మ మెల్లగా అడిగింది. “నా కాడికే వస్తాన్యాడా?”

“నీ కాడికే.”

“అయితే నన్ను ఇడిసిపెట్టి పోలే?”

“పోలేదే పిచ్చిదానా. నీ కాడికొస్తానే పోయినాడు.”

నరసమ్మ బొమ్మ దగ్గరికి నడిచింది. చెంప మీద చెయ్యి పెట్టి, రాతిపొడిని తుడిచింది. “ముసలోడైంటాడు, పండ్లూడింటాయి, నన్ను చూస్తే గుర్తుపడతాడో లేదో అనుకుంటా వచ్చినా. ఈడ చూస్తే పిల్లోని మాదిరే ఉండాడు. నాకు మనవని ఈడు.” ఒక్కసారిగా ఆమె భుజాలు అదిరిపోయాయి. “తిట్టినాను వదినా! దినామూ ముద్ద పెట్టేటప్పుడు తిట్టినాను. ఏ లంజ కాడ తింటాండావో, నీ నోట్లో మన్నుపడ అని తిట్టినాను. ఆ పొద్దే నీళ్ళల్లో పోయినోణ్ణి పట్టుకోని ఇన్నేండ్లు తిట్టినాను!”

కమలమ్మ వెళ్ళి పట్టుకోబోయింది. నరసమ్మ పట్టుకోనివ్వలేదు. ఏడుపు తగ్గాక, వెనక్కి తిరక్కుండానే ఒక ప్రశ్న వేసింది.

“ఫోటో పంపేటప్పుడు నన్ను అడగల్లని తోయలేదా నీకు?”

“నువ్వు చదువుతావనుకోలేదే.”

చూశారా! పారేసిన సిగరెట్టు పీకను బట్టి హంతకుణ్ణి పట్టించిన మనిషి ఈవిడ. రాష్ట్రమంతా తన పుస్తకాలు చదువుతోందని తెలిసి మురిసిపోయిన మనిషి ఈవిడ. ఒక పూట బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్న నొస్సంలో ఆ ఫోటో చూసి ఆశపడే ఆడది ఒకతె ఉంటుందని మాత్రం తట్టలేదు. ఎందుకు తట్టలేదని కమలమ్మ కూడా ఇప్పుడు తనను తాను ప్రశ్నించుకుంటోంది.

నరసమ్మ మొహం కడుక్కున్నట్టు గట్టిగా తుడుచుకుని ఇటు తిరిగింది.

“బయట ఆ పిల్లోనికి ఏం చెప్పల్లని వచ్చినావు ఈ పొద్దు?”

కమలమ్మ తల వంచుకుంది. “నిజం.”

“నువ్వు రాసినావని?”

“ఊఁ.”

“చెప్పొద్దు వదినా.”

కమలమ్మ తలెత్తింది.

“ఆ పిల్లోడు నాకు దండం పెట్టె, చూసినావా? నాకు పుట్టి బుద్ధెరిగినాక ఎవురూ దండం పెట్టలేదు. మొగుడు ఇడిసిన ఆడది అంటారు మా ఊర్లో నన్ను. పెండ్లికి పోతే పసుపు దంచేకి పిలవాల్నా వద్దా అని నా ముందరే గుసగుసలు. ముత్తైదువవా కాదా, ఏదో ఒకటి తేల్చుకొని రా అని ఒకామె నా మొగం మీదనే అనె. రేపు నంద్యాలలో ఆ బొమ్మ కాడ నిలబడి, ఈయప్ప పెండ్లాన్ని నేను, ఈయప్ప నన్ను ఇడిసిపెట్టి పోలేదు, ఇంత గొప్పోడు అని ఒక్కసారి చెప్పుకోని పోతా. నువ్వు నోరిప్పితే నేనేమైతా చెప్పు? ఎవురో రాసిన మాటలు చూసుకొని సచ్చినోనికి ముద్దలు పెట్టిన పిచ్చిదాన్నైతా. మళ్ళా నవ్వుతారు. ఈసారి నేను తట్టుకోలేను.”

“నర్సీ…”

“నీకు మొగుడుండె. బిడ్డలుండిరి. మనవరాలు కారు తోలుకొని తీస్కొచ్చె. నాకు ఈ రాయి ఒకటే. ఆయప్ప రాసిపెట్టి పోయినాడనే ఉండనీ. కండ్లు తెరిసినాక మార్చరంట గదా. తెరిపియ్యి వదినా. నువ్వు నాకు బాకీ పడలేదని అనుకుంటే అనుకో. నేను అడుక్కుంటాండా.”

అడిగి, నరసమ్మ మెడలోని తాళిని పైటలోపల గుప్పిట పట్టుకుంది. దాన్ని తీసెయ్యాలో ఉంచుకోవాలో ఆమెకు ఇంకా తెలియదు. కమలమ్మ ఆ గుప్పిటనే చూస్తూ ఉండిపోయింది.

తన పేరు అచ్చులో ఎలా ఉంటుందో కమలమ్మ ఒక్కసారే చూసుకుంది, పెళ్ళి శుభలేఖలో. మళ్ళీ అచ్చయ్యేది చచ్చాక పంచే కార్డులోనే. ఆ రెంటికీ మధ్య రాసినదంతా చంద్రహాస్‌ది. ‘కమలమ్మ’ అని రాతి మీద చెక్కి ఉంటే వేళ్ళతో తడిమి చూసుకోవాలని ఆమెకు కోరిక. చిన్నపిల్లలు కూడా అంత ఆశపడరు. నిన్న రాత్రి పడుకునేముందు అమృతతో చెప్పి, సిగ్గుపడి దుప్పటి ముసుగేసుకుంది.

బయట చెప్పుల చప్పుడు వినిపించింది. హరీష్ పరుగులాంటి నడకతో లోపలికి వచ్చాడు. మొహం ఎర్రబడి ఉంది. వెనక వీరభద్రాచారి, ఆ వెనక అమృత. అమృత కళ్ళు వెలిగిపోతున్నాయి. ఆ వెలుగు చూడగానే కమలమ్మకు తెలిసిపోయింది. ఆగలేకపోయింది పిల్ల. చెప్పేసింది.

“అమ్మా,” హరీష్ కమలమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. “అమృత చెప్తాంది, మీరేనంట గదా! చంద్రహాస్ మీరేనంట! నేను చిన్నప్పటి నుంచి చదివిన పుస్తకాలన్నీ మీరు రాసినవేనంట! నిజమేనామ్మా? మీ నోటితో ఒక్కమాట చెప్పండి, ఇప్పుడే అంతా ఆపేస్తా.”

ఆచారి గడ్డం గోక్కున్నాడు. “నాకేం తొందర లేదు తల్లీ. ఈ మీసాలాయన మొగాన్ని ఆడమొగం చేసేకి రాదు గానీ, ఎనకాల కొత్త రాయి పడుండాది. నువ్వు ఊఁ అంటే రేపటి నుంచి దాన్ని పట్టుకుంటా.”

అమృత నవ్వుతూ నానమ్మ చెయ్యి అందుకుంది. ‘చెప్పు’ అన్నట్టు నొక్కింది.

కమలమ్మ నరసమ్మ వైపు చూసింది. నరసమ్మ ఎవరి వైపూ చూడటం లేదు. బొమ్మ భుజం మీద ఎప్పుడో తుడిచేసిన చోటునే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

“పిల్లది నా మీద ప్రేమకొద్దీ ఏదో చెప్పింటాది నాయనా,” అంది కమలమ్మ. “నాకు అన్ని కథలు యాడొస్తాయి? రాసింది మా తమ్ముడే. వాని రాత కుదురుగా ఉండేది గాదు. నేను మంచిగా తిరగరాసి పంపేదాన్ని. అంతే.”

అమృత చెయ్యి జారిపోయింది. “అవ్వా!”

“నువ్వు ఊరుకో తల్లీ.”

“రాత్రి గూడా నాకు చెప్తివి గదా! రాయి మీద నీ పేరు…”

“ఊరుకోమంటి గదా! చిన్నపిల్లవు, నీకేం తెలుసు?” కమలమ్మ గద్దించింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లను ఒక్కమాట అనని మనిషి. గద్దించి, ఆ పిల్ల మొహం చూడలేక ఆచారి వైపు తిరిగింది.

హరీష్ అమృతను ఎగాదిగా చూశాడు. ఆ చూపులో అయ్యో పాపం అన్న జాలి కూడా ఉంది. అబద్ధాలు చెప్పే పిల్లను పెద్దవాళ్ళు చూసే చూపు అది. అమృత పెదవి కొరుక్కుంది.

“పేరు చెప్పమ్మా,” ఆచారి ఉలి అందుకున్నాడు. “నలుగురూ వినేట్టు చెప్పల్ల.”

కమలమ్మ తమ్ముడి ముఖానికి ఎదురుగా నిలబడింది. ఎవరి ముఖమో అడిగితే చెప్పడానికి అభ్యంతరమేముంది? ముఖం వాడిదే. నిజమే.

“శేషయ్య,” అంది.

ఆచారి కుడికంటి మీద ఉలి మొన ఆనించాడు. హరీష్ వీడియో కోసం ఫోన్ పైకెత్తాడు. సుత్తి లేచింది.

“ఆగు పెద్దాయనా.”

అమృత గొంతు అది. ఏడుస్తుందనుకున్నారందరూ. ఏడవలేదు. నానమ్మ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, నేరుగా పోయి నరసమ్మ ఎదుట నిలబడింది.

“అవ్వా, మా అవ్వ అబద్ధమాడంగా నేను ఎప్పుడూ చూడలే. మేం బయటికి పోయేటప్పటికి నిజం చెప్తాననింది. వచ్చేసరికి నన్ను అబద్ధాలకోరును చేసింది. మధ్యలో ఈడ ఉన్నది నువ్వొకదానివే. మా అవ్వను నువ్వేమడిగినావు?”

ఆచారి సుత్తి దించేశాడు. పేరు పలికాక ఆయన చెయ్యి ఆగడం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు. హరీష్ ఫోన్ కిందికి దించడం మరిచిపోయాడు. కమలమ్మ ‘వద్దు’ అన్నట్టు నరసమ్మకు తల అడ్డంగా ఊపింది.

నరసమ్మ గుప్పిటలోని తాళిని వదిలింది. తనకు మనవరాలి ఈడున్న ఆ పిల్ల కళ్ళల్లోకి చూసి, నోరు తెరిచింది.